ఇటలీ హోటలుకు ఆడవాళ్ళెందుకు వెళుతున్నారు?

(మా గ్రామీణ విలేకరి)

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలుచుకోవడం మనకు అలవాటు. ప్యారిస్ సంగతి ఎలా ఉన్నా, ఈమధ్య ఇటలీ కూడా వచ్చి చేరింది. పిజ్జా, పాస్తా అని రంగుల బోర్డులు పెట్టిన చిన్న హోటళ్ళు పట్టణంలో అక్కడక్కడ కనిపిస్తున్నాయి. పెద్ద కంపెనీల గొలుసు దుకాణాల సంగతి వేరు. నేను చెప్పేది పేటలో ఒకటి రెండు గదులు అద్దెకు తీసుకుని, ఐదారు బల్లలు వేసుకుని మనవాళ్ళే నడుపుకుంటున్న హోటళ్ళ గురించి.

వీటిపై విమర్శకు కొదవ లేదు. మా వేమూరు టీ బడ్డీ దగ్గర ఏ రోజు కూర్చున్నా ఒక్కసారైనా ఈ ప్రస్తావన వస్తుంది. రిటైరైన మాస్టారు ఒకరు, "రొట్టె మీద టమాటా గుజ్జు పూసి మూడు వందలు తీసుకుంటున్నారటయ్యా! పెసరట్టు ఉప్మా ఏం పాపం చేసింది?" అని రోజూ అడుగుతారు. మైదా అరగదని, పిల్లలు ఇంటి తిండి మానేస్తున్నారని, వంద ఎకరాల మాగాణి మధ్య పుట్టి గోధుమ రొట్టెకు ఎగబడుతున్నారని మిగిలినవారు అందుకుంటారు. నిజం చెప్పాలంటే ఈ విలేకరి కూడా మొన్నమొన్నటిదాకా ఆ పక్షమే. తెనాలి వెళితే బెల్లం జిలేబీ కొనుక్కోవాలి గాని పిజ్జా ఏమిటని నలుగురిలో అన్నవాణ్ణే.

అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. పిజ్జా రుచి చూసి మాత్రం కాదు.

గత నెలలో మా అమ్మకు కంటి పరీక్ష చేయించడానికి తెనాలి తీసుకువెళ్ళాను. అక్కడే కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు కూడా ఆసుపత్రికి వచ్చింది. పరీక్షలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కళ్ళలో మందు వేసినందున అమ్మకు ఎదురుగా ఉన్నదంతా మసక. తిండి తిని బండెక్కుదామని నాకు అలవాటైన భోజన హోటలు దగ్గర ఆటో ఆపించాను. ఆ వేళప్పుడు లోపల ఎలా ఉంటుందో పాఠకులకు తెలిసిందే. తింటున్న ప్రతి మనిషి కుర్చీ వెనకా ఇంకో మనిషి నిలబడి, ఎప్పుడు మజ్జిగకు వస్తాడా అని విస్తరి వంక చూస్తూ ఉంటాడు. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను స్టేషన్లో బల్ల మీద కూర్చుంటాలేరా. నువ్వు తినిరా. నాకు రెండు అరటిపళ్ళు పట్టుకురా చాలు" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు బట్టలకో, ఆసుపత్రికో అందరం తెనాలి వచ్చినప్పుడు నాన్న నన్ను చెయ్యి పట్టుకుని హోటల్లోకి తీసుకువెళ్ళేవారు. అమ్మ, అక్క బయట అరుగు మీదో, చెట్టు కిందో నిలబడేవారు. మేం తిన్న తర్వాత నాన్న రెండు ఇడ్లీ పొట్లాలు తెచ్చి వాళ్ళకిచ్చేవారు. వాళ్ళు వాటిని స్టేషనుకు తీసుకుపోయి, గోడవైపు తిరిగి కూర్చుని తినేవారు. నాన్న చెడ్డవారు కాదు. అప్పట్లో మా ఊరి మగవారంతా చేసే పనే ఆయనా చేశారు. ఇందులో తప్పుందని ఆయనకు తోచలేదు. పూరీ కూర తింటున్న నాకూ తోచలేదు.

మా మేనకోడలు మాత్రం ఊరుకోలేదు. "అమ్మమ్మా, నువ్వు నాతో రా. మామయ్యా, నువ్వూ రా, డబ్బులు నువ్వే ఇవ్వాలి" అంటూ రెండు సందులవతల ఉన్న ఇటలీ హోటలుకు నడిపించింది.

హోటలంటే ఏమీ లేదు. ఒక డాబా కింది వాటా. ఆరు బల్లలు, గోడ మీద పడవల బొమ్మ ఒకటి. ఆ ఊరు వెనిస్ అని తర్వాత తెలిసింది. కాలువలో పడవలు మన కొమ్మమూరు కాలువ మీద తిరగలేదా అనుకున్నాను. గల్లాపెట్టె దగ్గర ఒక ఇల్లాలు కూర్చుని ఉంది. లోపల పొయ్యి దగ్గర ఆమె తమ్ముడు. అతనిది రేపల్లె అవతల పల్లెటూరు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో వంట నేర్చుకుని, 2020లో కరోనాకు హోటళ్ళు మూతపడగానే ఇంటికి వచ్చేసి, అక్కతో కలిసి ఇది పెట్టాడట. మేం వెళ్ళగానే ఆ ఇల్లాలు లేచివచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, వెలుతురు కళ్ళల్లో పడకుండా గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చింది. "తొందరేం లేదు పెద్దమ్మా, నిదానంగా చూసి చెప్పండి" అంది. నిదానంగా అనే మాట హోటల్లో నేను వినడం అదే మొదటిసారి.

తిండి విషయం దాచకుండా రాస్తాను. కూరగాయల పిజ్జా ఒకటి, గొట్టాల్లాంటి పాస్తా తెల్ల గ్రేవీతో ఒక పళ్ళెం, కాల్చిన వెల్లుల్లి రొట్టె తెప్పించింది మా మేనకోడలు. వెల్లుల్లి రొట్టె బాగుంది. పిజ్జా అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉంది. మా వరకు రుచిగానే ఉంది. అమ్మ దాని మీద ఎండుమిరప గింజల పొట్లం మొత్తం చల్లుకుంది. పాస్తా నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "చక్కెర మరిచిపోయిన సేమియా పాయసంలా ఉందే" అంది. మా మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది.

అమ్మ అన్నది హాస్యమే గాని, అందులో కొంత నిజం కూడా ఉంది. మన సేమియాకు ఇంగ్లీషు పొట్లాల మీద రాసే వెర్మిసెల్లి అనే పేరు ఇటలీ మాటే. చిన్న పురుగులు అని దాని అర్థం! మన ఇళ్ళన్నిటా తెలిసిన హైదరాబాదు కంపెనీ సేమియా పేరు బాంబినో కూడా ఇటలీ మాటే, పసివాడు అని. అంటే ఇటలీ తిండి ఇప్పుడే దిగుమతి అయిందనడం సరికాదు. సంక్రాంతికీ, ఉగాదికీ ఆ పేరు గల పొట్లం చింపి పాయసం కాచుకుంటూనే ఉన్నాం. మా మాస్టారికి ఈ సంగతి చెబితే, "పాయసం మనది, పేరు వాళ్ళదిలే" అని తేల్చేశారు.

బిల్లు రూ. 740 అయింది. మా ఊళ్ళో ఒక మనిషి రెండు రోజులు పొలం పనికి వెళితే గాని రాని డబ్బు. అది నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడడం లేదు. కాని అమ్మ బయటికి వచ్చాక అన్న మాట వేరు. "ఉప్పు తక్కువేరా. కూర్చోవడానికి మాత్రం బాగుంది" అంది. అరవై నాలుగేళ్ళ మనిషి. తెనాలికి కొన్ని వందలసార్లు వచ్చి ఉంటుంది. హోటల్లో కుర్చీ మీద కూర్చుని భోజనం చేయడం అదే మొదలని, బండిలో అడిగితే చెప్పింది. రెండు పిజ్జా ముక్కలు అట్టపెట్టెలో పెట్టించుకుని, ఇంట్లో ఉన్న నాన్న కోసం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

విలేకరి బుద్ధి కాబట్టి ఆ మధ్యాహ్నం లెక్కపెట్టాను. మేమున్న గంటసేపట్లో ఆ ఆరు బల్లల దగ్గరికి ఇరవై రెండు మంది వచ్చారు. అందులో పదిహేను మంది ఆడవాళ్ళు. కాలేజీ పిల్లలు, బట్టల కొట్లో పనిచేసే అమ్మాయిలు ఇద్దరు, చంటిబిడ్డతో ఒక తల్లి, పుట్టినరోజని మనవణ్ణి తెచ్చిన ఒక పెద్దావిడ. మగతోడు లేకుండా వచ్చినవారే ఎక్కువ. మరో రెండు రోజులకు వార్త పని మీద మళ్ళీ తెనాలి వెళ్ళి, నాకు అలవాటైన భోజన హోటల్లో అదే వేళకు కూర్చుని అక్కడా లెక్కపెట్టాను. నలభై కుర్చీలు గంటలో మూడుసార్లు నిండాయి. ఆడవాళ్ళు నలుగురు. నలుగురూ భర్తలతో వచ్చినవారే.

ఇప్పుడు చెప్పండి, ఆ పదిహేను మంది పిజ్జా రుచికే అక్కడికి వెళుతున్నారా?

మన ప్రాంతంలో డబ్బుకు అన్నం పెట్టే పని మొదలుపెట్టినవారిలో ఆడవాళ్ళు ముందున్నారు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరగనివారు లేరు. పూటకూళ్ళ ఇల్లు నడిపేది, వండేది, వడ్డించేది ఆడవారే. తినేది మాత్రం బాటసారి మగవారు. తర్వాత కాఫీ హోటళ్ళు వచ్చాయి. అప్పట్లో ఏ కులం వారు ఎక్కడ కూర్చోవాలో బోర్డులు ఉండేవి. రాజ్యాంగం 15వ అధికరణం రెండవ భాగం ఆ బోర్డులు తీయించింది. దుకాణాలు, హోటళ్ళలోకి వెళ్ళడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోరాదని అందులో ఉంది. కులంతోపాటు లింగం అన్న మాట కూడా అందులోనే ఉండడం గమనార్హం. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చి, కులం పేరుతో హోటల్లోకి రానివ్వకపోతే శిక్ష పెట్టింది. ఆడవాళ్ళను రావద్దని ఏ హోటలూ ఎప్పుడూ బోర్డు పెట్టలేదు. పెట్టవలసిన అవసరమే రాలేదు. కుర్చీ వెనక నిలబడే మనిషి, తడి నేల, పక్కవాడి మోచెయ్యి, వెనక ఎక్కడో గొళ్ళెం లేని మరుగుదొడ్డి, ఇవన్నీ కలిసి బోర్డు చేసే పని చేశాయి.

ఫ్యామిలీ రూములు లేవా అంటారు. కొన్ని చోట్ల ఉన్నాయి. వంటింటికీ, గిన్నెలు కడిగే చోటికీ నడుమ ఒక చెక్క తడిక, దానికి నూనె మరకల తెర. ఫ్యాను ఉంటే బల్బు ఉండదు. సర్వరు అక్కడికి చివరగా వస్తాడు. పైగా ఫ్యామిలీ అని రాసినందున, ఒంటరిగా వచ్చిన ఆడమనిషి అందులోకి కూడా వెళ్ళడానికి సందేహిస్తుంది. ఆమె ఫ్యామిలీ ఏదని చూపులతోనే అడిగేవారుంటారు.

ఈ సంగతే ఆ భోజన హోటలు యజమాని ముందు ప్రస్తావించాను. ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నారు. మంచి మనిషి. బియ్యం దగ్గర గాని, నెయ్యి దగ్గర గాని పీనాసితనం లేదు. మధ్యాహ్నం మూడు దాటాక గల్లాపెట్టె దగ్గర తీరిగ్గా కూర్చుని మాట్లాడారు.

"కుర్రకారంతా అటే పోతున్నారండీ. ఆ రొట్టెముక్కల్లో ఏముందో నాకర్థం కావడం లేదు" అన్నారు.

"మీ దగ్గరికి ఆడపిల్లలు ఎందుకు రావడం లేదంటారు?" అని అడిగాను.

"వాళ్ళు మొదట్నుంచీ రారు కదండీ. రారు కాబట్టే విడిగా ఏర్పాటు ఏమీ చెయ్యలేదు."

"ఏర్పాటు లేదు కాబట్టి రావడం లేదేమో?"

ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. కొంతసేపటికి, "మా ఆవిడ కూడా ఇక్కడ ఎప్పుడూ కూర్చుని తినలేదండీ. ఇంటికే క్యారేజీ పంపుతాం" అన్నారు. ఆ మాట నేను రాస్తానని ఆయనకు తెలుసు. రాయమనే చెప్పారు.

కాగా, ఇటలీ హోటళ్ళవారిని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. వారికీ చెప్పవలసిన మాటలున్నాయి. ముఖ్యంగా ఆ పేరు పెట్టుకున్నందుకు చెప్పాలి.

ఇటలీలో ఊరూరా ట్రటోరియా అనే హోటళ్ళుంటాయి. ఒక కుటుంబం నడిపే పేట హోటలన్నమాట. ఆ రోజు బజారులో దొరికినది వండి, ఉన్నవేమిటో నోటితోనో, పలక మీద రాసో చెబుతారు. కూర్చోగానే రొట్టె తెచ్చి పెడతారు. చాలా చోట్ల దానికీ, బల్లకూ కలిపి మనిషికి ఇంత అని చిన్న రుసుము బిల్లులో వేస్తారు. ముందు పాస్తానో, అన్నంతో చేసిన వంటకమో, తర్వాత చేపో మాంసమో, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మనకు పప్పు, కూర, పులుసు, పెరుగు వరసగా వచ్చినట్టే. పిజ్జా అయితే నేపుల్స్ నగరంలో పేదవాళ్ళు వీధిలో కొనుక్కుని తినే రొట్టెగా మొదలైంది. మన దగ్గరికి వచ్చేసరికి అది గొప్పింటి పుట్టినరోజు తిండి అయి కూర్చుంది. ఇక్కడి ధర చూస్తే నేపుల్స్‌లో మొదట అమ్మినవాళ్ళు నవ్వుతారు.

ఇంకో సంగతి. ఆ పిజ్జా మీద సాగే చీజ్ ఉంది చూశారూ, మొజరెల్లా అంటారు. దాని అసలు పుట్టిల్లు ఇటలీ దక్షిణాన కంపానియా ప్రాంతం. అక్కడ దాన్ని చేసేది గేదె పాలతో! గేదె పాల మొజరెల్లాకు 1996లో యూరప్ వారు ఆ ప్రాంతపు పేరుతో రక్షణ కూడా ఇచ్చారు. ఇటలీ పశువుల పాకల్లో పనిచేసేవారిలో మన పంజాబు నుంచి వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. మన దగ్గర గేదెలకేం కరువు? వేమూరు, చుండూరు, అమృతలూరు వైపు ఏ ఇంటి ముందు చూసినా రెండు గేదెలు కట్టేసి ఉంటాయి. తెనాలికి దగ్గర్లోనే వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. అయినా తెనాలి పిజ్జా మీది చీజ్ ఎక్కడెక్కడి నుంచో మంచుపెట్టెలో గడ్డకట్టి వస్తోంది. పొయ్యి దగ్గరి కుర్రాణ్ణి ఈ విషయం అడిగితే, గేదె పాలతో మొజరెల్లా చేయడం హైదరాబాదులో చూశానని, ఇక్కడ నేర్పేవారుంటే రోజూ ఐదు లీటర్లతో మొదలుపెడతానని అన్నాడు. కొన్ని చోట్ల చీజ్ పేరిట పామాయిలుతో చేసిన నకిలీ సరుకు వాడుతున్నారని కూడా అతనే చెప్పాడు. పాలకొవ్వుకు బదులు నూనె కలిపినదాన్ని చీజ్ అని చెప్పి అమ్మడానికి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. అధికారులు పొట్లాల మీద ఏం రాసి ఉందో చూసే పని పెట్టుకుంటే మంచిది.

ఇక బాపట్ల సంగతి. బియ్యానికి ఊరి పేరు పెట్టుకున్న పట్టణమది. దేశమంతా తింటున్న సాంబ మసూరికి బి.పి.టి. 5204 అనే నంబరుందని రైతులకు తెలుసు. ఆ బి.పి.టి. బాపట్లే. 1986లో విడుదలైన రకమది. ఇటలీలోనూ ఇలాంటి ఊరు ఒకటుంది. ఉత్తరాన అర్బోరియో అనే ఊరి పేరే అక్కడి లావు బియ్యానికి పెట్టారు. రిసోట్టో అనే వంటకాన్ని ఆ బియ్యంతో, మన పులగంలా పలచగా దించుతారు. యూరప్ కూటమి దేశాల్లో వరి ఎక్కువ పండించేది ఇటలీయే. అక్కడి వరి కూడా కాలువల వ్యవసాయమే. కంపెనీ ప్రభుత్వపు ఇంజనీరు బెయర్డ్ స్మిత్ అనే ఆయన 1850లలో ఉత్తర ఇటలీ కాలువల మీద ఒక పుస్తకం, మన కావేరి, కృష్ణా, గోదావరి ఆనకట్టల మీద మరో పుస్తకం రాశాడు. రెండు డెల్టాలనూ ఒకే మనిషి చూశాడన్నమాట. అందువల్ల ఇటలీ అంటే మైదా పిండే అనుకుని మాగాణి రైతు కోపం తెచ్చుకోనక్కరలేదు. బియ్యంతో చేసే ఇటలీ వంటకం ఒక్కటీ మన ఇటలీ హోటళ్ళ జాబితాలో లేదే అని కోపం తెచ్చుకుంటే న్యాయం.

రొయ్య సంగతీ అంతే. నిజాంపట్నం హార్బరులో, చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య ఓడలెక్కి దేశాలు పోతోంది. ఇటలీవాళ్ళు పాస్తాలో రొయ్యలూ, ఆల్చిప్పలూ వేసుకుని ఇష్టంగా తింటారు. తెనాలిలో నేను చూసిన జాబితాలో కోడి, పనీరు, మొక్కజొన్న గింజలే ఉన్నాయి.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. ఆహార సాంకేతిక కళాశాల కూడా అక్కడే ఉంది. గేదె పాలతో చీజ్ ఎలా చేయాలో, బి.పి.టి. బియ్యంతో ఏమేం వండవచ్చో నేర్పడానికి ఇంతకంటే తగిన చోటు ఏముంటుంది? చిన్న హోటళ్ళు పెట్టుకున్న కుర్రవాళ్ళకు వారం రోజుల శిక్షణ తరగతి పెట్టాలని ఆ కళాశాల పెద్దలను ఈ విలేకరి కోరుతున్నాడు. శని, ఆదివారాల్లో సూర్యలంక సముద్రానికి వచ్చే కుటుంబాలు బాపట్లలోనే దిగుతున్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ తడిసి, ఇసుకతో, ఆకలితో వస్తారు. వారికి కూర్చునే చోటు చూపించిన హోటలుకు తిరుగుండదు, అక్కడ వడ్డించేది పాస్తా అయినా, పప్పుచారు అయినా.

అక్కడికి దగ్గర్లోనే జిల్లెళ్ళమూడి ఉంది. అందరూ అమ్మ అని పిలుచుకునే ఆమె 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం ప్రారంభించారు. వచ్చినవారికల్లా కులం, మతం అడగకుండా అన్నం పెడుతున్నారు. ఆడా మగా బంతిలో కూర్చుని తింటారు. అక్కడ మా అమ్మ ఏనాడూ సంకోచించలేదు. అది డబ్బు పుచ్చుకునే చోటు కాదు గనుక హోటలుతో పోల్చరాదని కొందరనవచ్చు. నేను పోల్చేది అన్నాన్ని కాదు, కూర్చోబెట్టడాన్ని.

రేపల్లె విషయం మరీ శోచనీయం. బాపట్ల జిల్లాలో రేపల్లె రెవెన్యూ డివిజను కేంద్రమైంది. పాసుపుస్తకానికీ, పింఛనుకూ, కోర్టుకూ, ఆసుపత్రికీ సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి ఆడవాళ్ళు పొద్దున్నే బయలుదేరి వస్తున్నారు. పెనుమూడి, పులిగడ్డ వంతెన 2006లో తెరిచిన దగ్గర్నుంచి మోపిదేవి వెళ్ళివచ్చే కుటుంబాల రాకపోకలు కూడా పెరిగాయి. రైలు ఆ ఊరితోనే ఆఖరు. బండి తప్పిపోతే మరో బండి వచ్చేదాకా కూర్చోవలసిందే. ఎక్కడ కూర్చోవాలి? మొన్న కార్యాలయం బయట వేపచెట్టు కింద, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం మూతలో పెట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తింటున్న ముగ్గురు ఆడవాళ్ళను చూశాను. రోడ్డుకు అవతలే హోటలుంది. "అక్కడికి వెళ్ళి తినొచ్చు కదమ్మా" అంటే, "అందరూ మగోళ్ళే ఉంటారు బాబూ" అన్నారు. డబ్బు మాట వారెత్తలేదు. వారితో వచ్చిన మగమనిషి ఆ హోటల్లోనే ఉన్నాడు.

రేపల్లెలో ఇటలీ హోటలు పెట్టాలని నా కోరిక కాదు. రూ. 740 బిల్లు కట్టగలవాళ్ళు ఆ చెట్టు కింద లేరు. ఉన్న హోటళ్ళలోనే గోడవైపు నాలుగు బల్లలు, కుర్చీ వెనక ఎవరూ నిలబడకుండా బయట వరస, గొళ్ళెం పడే మరుగుదొడ్డి, తుడుచుకునే చేతిగుడ్డ కాకపోయినా కనీసం నీళ్ళొచ్చే కుళాయి ఉంటే చాలు. ఇవేవీ ఇటలీ నుంచి తెప్పించుకోనక్కరలేదు. మున్సిపాలిటీలు ఏటా హోటళ్ళకు ట్రేడు లైసెన్సులు ఇస్తున్నాయి. రుసుము కట్టించుకునేటప్పుడు ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా, దానికి తలుపు పడుతుందా అని ఒక్కసారి వెళ్ళి చూసి రావడం పెద్ద పని కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు మున్సిపాలిటీల అధికారులూ ఈ విషయంపై దృష్టి సారించాలి.

ఇది రాసేముందు మళ్ళీ ఆ భోజన హోటలు యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను వెనక్కి తీసుకువెళ్ళారు. బియ్యం బస్తాలు వేసుకునే గది ఖాళీ చేయించి ఉంది. టేపు పట్టుకుని గోడ కొలిచి, ఐదు బల్లలు పడతాయని లెక్క చూపించారు. తడిక, తెర వద్దంటే సరేనన్నారు. వడ్రంగికి బయానా ఇచ్చారట. ఇక ఆయన సందేహమల్లా గుమ్మం గురించే. ఆడవాళ్ళు లోపలికి రావడానికి పక్క సందులోకి వేరే తలుపు తీయాలా, లేక అందరూ వచ్చే గుమ్మంలోంచే రానివ్వాలా అని అడిగారు. అందరూ వచ్చే గుమ్మమే ఉంచమన్నాను. సాయంత్రం ఇంటావిణ్ణి తీసుకువచ్చి, ఆమెను కూడా అడుగుతానన్నారు.